చేపలకు ఎంత వెలుతురు కావాలి

చేపల దుకాణం ముందు నుంచి నడిస్తే చాలు, పాచి పట్టిన నీళ్ల వాసనకు ఇప్పటికీ అడుగుల వేగం పెంచుతాను. మిగతావాళ్లకు అది ఏ చెరువు గట్టునో గుర్తుచేస్తుందేమో. నాకు మాత్రం నకిరేకల్‌లో మా కిరాయి ఇల్లు, ముందు గదిలో అద్దాల తొట్టి, అందులో మోచేతుల దాకా చేతులు ముంచి కొబ్బరి పీచుతో తోముతున్న మా సత్తెమ్మత్త గుర్తొస్తుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలు, నాకు పదేళ్లు. అత్త బాపుకు అక్క. తల్లి లేని బాపును చంకనేసుకొని పెంచింది ఆమెనే. మక్తల్‌లో మామ చనిపోయాక మా ఇంటికి వచ్చింది. ఆమె వచ్చాకే మా ఇంట్లో వానాకాలం సాయంత్రాలు సర్వపిండి కాలుతున్న వాసనతో నిండాయి. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గరపడితే గునుగు, తంగేడు పూల కోసం చెలకల వెంట మమ్మల్ని తిప్పేది. పీట వేసుకొని బతుకమ్మ పేరుస్తూ, మేం సత్తుపిండి ముద్దలు కాజేస్తుంటే చూడనట్టే ఉండేది.

బాపు పత్తి మిల్లులో గుమాస్తా. జీతం పెరిగిందని చేపల తొట్టి కొన్నాడు. లైటు కోసం నల్లగొండ దుకాణంలో నన్ను పక్కన నిలబెట్టుకొని అన్నీ వెలిగించి చూశాడు. నీలం లైటులో చేపలు చచ్చినట్టున్నాయన్నాడు, గులాబీది పెళ్లి పందిరిలా ఉందన్నాడు, చివరికి అన్నిటికన్నా పెద్ద తెల్ల లైటు పట్టుకొచ్చాడు.

"బజార్ల పోయేటోనికి గూడ కనవడాలె" అన్నాడు.

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అది వెలిగేది. కొద్దిరోజులకే నీళ్లు పచ్చబడ్డాయి. అత్త తోమేది, పాచి మళ్లీ పట్టేది. ఆమెకు తోమడం రాదని, అన్నం చేతులు ముంచుతుందని బాపు తిట్టేవాడు. ఒకనాడు ఎర్ర చేపలు వెల్లకిలా తేలాయి. మిల్లు నుంచి వెంట వచ్చిన స్నేహితుల ముందే అరిచాడు.

"మొగన్ని మింగినవ్. ఇప్పుడు నా చేపలను మింగినవ్. నీ చెయ్యి వడితె ఏదన్న బతుకుతదా?"

అత్త తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "పోత తియ్ తమ్మీ" అంది. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను అత్త సంచి పట్టుకొని వేలాడితే నా వేళ్లు మెల్లగా విడిపించి, మక్తల్‌లో మరిది ఇంటికి, పత్తి ఏరే కూలికి వెళ్లిపోయింది.

కొత్త చేపలు వచ్చాయి. అత్త చెయ్యి పడకుండానే నీళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. బాపు చేపలమ్మిన దుకాణాయన్ని ఇంటికి పిలిపించాడు.

"పొద్దంత గింత లైటేస్తె పాచి పట్టదా సార్? ఎంత తోమితె మాత్రం పోతది?" అన్నాడాయన.

బాపు లేచి లైటు ఆర్పాడు. మర్నాడే చిన్న లైటు తెచ్చి పెట్టాడు, నీళ్లు తేటబడ్డాయి. ఇక అత్త వచ్చేస్తుందని నేను ఎగిరి గంతేశాను.

"అత్తను తోలుకొస్తవా బాపూ?"

"నోర్మూస్కొని తిను."

బతుకమ్మకు ఆడబిడ్డను తోలుకురాని ఇంటిని మా దిక్కు నలుగురూ ఆడిపోసుకుంటారు. ఆ మాటలైనా పడ్డాడు గానీ, ఆ యేడూ, ఆ తర్వాతా బాపు మక్తల్ బస్సు ఎక్కలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మూడేళ్ల కింద అత్త పోయిందని ఫోనొచ్చింది. మేం చేరేసరికే మట్టి చేసేశారు. ఇప్పుడు గునుగు పూలు బజారులో కొంటున్నాం, సత్తుపిండి మిఠాయి దుకాణం నుంచి వస్తుంది, సర్వపిండి ఊసే లేదు. తొట్టి మాత్రం ఉంది. కాలనీలో ఎవరు చేపలు పెంచాలన్నా బాపునే అడుగుతారు. "లైటు చిన్నదే దీస్కోర్రి, జరసేపు ఏస్తె చాలు" అని ఓపిగ్గా చెప్తాడు.

మొన్న పక్కింటామె, "గివన్ని ఎట్ల తెలిసినయ్ అన్నా?" అని అడిగింది.

"ఏమున్నది చెల్లె, అనుభవం" అన్నాడు బాపు.