పంపు నీళ్లు తాగి చూపించిన మా డాక్టరమ్మ

నిన్న పొద్దున ఫోన్. తొండియార్‌పేట డాక్టర్ వకుళమ్మ పోయారని.

"ఏ వకుళమ్మ?" అని అడిగాను. ఇంకెవరో అయితే బాగుండనిపించింది.

అప్పటి నుంచి గ్రూపుల్లో "నిశ్శబ్దంగా సేవ చేసిన మహనీయురాలు" అని పోస్టులు.

నేను ఒప్పుకోను. ఆమె ఏదీ నిశ్శబ్దంగా చేయలేదు.

తొంభైల్లో మా అన్న ఎన్నూరు రోడ్డులో లారీ నడిపేవాడు. హెచ్‌ఐవీ అని తేలింది. ఆ మాట వింటేనే జనం ఆమడ దూరం జరిగే రోజులవి. వీధి చేతిపంపు దగ్గరికి వెళ్తే వాడి బిందె తన్నేశారు.

"పంపు ముట్టుకోబాక! పిల్లకాయలు తాగే నీళ్లు!"

మర్నాడు వీధంతా నీళ్ల క్యూలో ఉండగా డాక్టరమ్మ వచ్చింది. అన్నను పిలిచి పంపు కొట్టమంది.

దోసిలి పట్టి తాగింది. అందరి ముందూ.

"చూశారు గదా? ఇట్లా రాదు. ఎట్లా వస్తుందో అడగండి, సిగ్గుపడకుండా చెప్తా."

ఆ వారమే క్లినిక్ ఓనర్ వచ్చాడు. "ఆ రోగిని ఈడికి రానిచ్చేదైతే మీరూ ఈడ ఉండబాకండి డాక్టరమ్మా."

ఖాళీ చేసింది. ఎదురుగా రోడ్డు పక్క ప్లాట్‌ఫారం మీదే బల్ల వేసుకుంది. మొదటి పేషెంట్ మా అన్న.

ఆమె హార్మోనియం వాయించేది, వ్యాసాలు, నాటకాలు రాసేది. "జబ్బుకి మందుంది, భయానికి ఆట కావాలి" అంటూ ఒక వీధి నాటకం రాసింది. మీసం అతికించుకుని ఓనర్ వేషం తనే కట్టింది!

అసలు ఓనర్ మేడ మీంచి చూశాడు. వీధంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

తెల్లారి ఆయన భార్య కిందికి దిగొచ్చి, అదే బల్ల మీద కూర్చుని బీపీ చూపించుకుంది.

అన్న బతకలేదు. ఆ జబ్బు మందులు అప్పట్లో మాలాంటివాళ్లకు అందేవి కావు.

పాడె మోయడానికి మనుషులు చాల్లేదు. డాక్టరమ్మ భుజం పట్టింది.

"ఆడోళ్లు ఆడికి రాకూడదమ్మా," అన్నారెవరో.

"నా పేషెంటయ్యా. నేను పోతా."

వెనకే ఆడవాళ్లం, వదినా నేనూ నడిచాం.

దయచేసి ఆమెను దేవతను చేసి గోడకు తగిలించకండి. ఆమె మనిషి. మహా కోపిష్టి. మీ వీధిలో ఎవరినైనా వెలివేస్తుంటే వెళ్లి అడ్డంగా నిలబడండి. ఫొటోకి దండ ఆ తర్వాత వేద్దురు గానీ.

వెళ్లిరండి డాక్టరమ్మా.

మీకు ఇకనైనా ప్రశాంతత దొరకాలి. మాకు ఇప్పుడే వద్దు.