వేరే గ్లాసు

మా ఆయన పోయిన మరుసటి ఏడాది మాచర్ల దగ్గర మా పేట చర్చిలో నన్ను పనికి పెట్టుకున్నారు. హోదా పేరు అటెండరు. ఊడ్చేది, గంట కొట్టేది, నెల మొదటి ఆదివారం ప్రభు బల్లకు, అంటే యేసు పేరున అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు, సామాను సిద్ధం చేసేది నేనే. ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ చేశాను. నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

బల్ల సామానులో ముఖ్యమైనది పానపాత్ర. మేం కాడ గిన్నె అంటాం. పైన గిన్నె, కింద వెడల్పు పీట, నడుమ కాడ, కాడ మధ్యలో ఒక బుడిపె. కబడ్డీలో గెలిచినోళ్ళకిచ్చే కప్పులాగా ఉంటుంది. కొత్తగా చూసిన పిల్లలు ఎవరు గెలిచారని అడిగేవాళ్ళు. కాడ అందానికి కాదు. అయ్యగారు, అంటే పాస్టరు, కాడ పట్టుకుంటే చెయ్యి అంచుకు తగలదు. తడి చేతిలోంచి జారకుండా ఆ బుడిపె. ఇత్తడి మీద వెండి పూత కాబట్టి చింతపండుతో తోమితే పూత పోతుంది. పళ్ళపొడి, మెత్తని గుడ్డ వాడాలి. ఎండుద్రాక్ష మరగకాచి వడగట్టిన రసం అందులో పోస్తాం. మిగిలింది కాలవలో పారబొయ్యకూడదు, మట్టిలో పొయ్యాలి.

దాని అర్థం ఒకటే: అందరూ ఒకే గిన్నెలో తాగాలి. ఒక్కొక్కరు తాగాక అయ్యగారు అంచు తుడిచి, గిన్నెను కాస్త తిప్పి, పక్కవాళ్ళకు అందిస్తారు.

కరోనాకు కొన్నేళ్ళ ముందు ఏసోబు మామకు టీబీ వచ్చింది. మా ఆయనతో సున్నపు బట్టీలో పనిచేసిన మనిషి. నెలల తరబడి మందులు మింగి, కాస్త కోలుకుని, బల్లకు వస్తానని కబురు పెట్టాడు. సంఘపెద్ద దేవదాసు, ఇంకా కొందరు, ఏసోబు తాగిన గిన్నెలో మేం తాగం అన్నారు. మామను రావద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉపాయం నేనే చెప్పాను. మా ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెచ్చి గిన్నె పక్కన పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఆ ఆదివారం మామ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, అందరితోపాటు వరసలో మోకరించాడు. అయ్యగారు రొట్టె ముక్క ఇచ్చారు. గిన్నె అతని పక్క మనిషి దాకా వచ్చి ఆగింది. నేను గ్లాసు అందించాను. మామ దాన్ని చూశాడే గాని పుచ్చుకోలేదు.

"ఏమే మార్తా, మా నాయనకి హోటలోడు చూరులో పెట్టిన గ్లాసు ఇట్టాంటిదే. దీన్ని ఇక్కడికెవురు తెచ్చారే?" అన్నాడు, చాలా మెల్లగా.

"నేనే మామా."

రొట్టె నోట్లో పెట్టుకోకుండానే లేచి బయటికి నడిచాడు.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మా పెద్దల కాలంలో హోటళ్ళలో మా పేటవాళ్ళకు, అంటరానోళ్ళమని, టీ వేరే గ్లాసులో పోసేవాళ్ళు. తాగినవాళ్ళే కడిగి చూరులో పెట్టి పోవాలి. చిన్నప్పుడు నేనూ చూశాను. చూసిన దాన్నయ్యుండి కూడా నాకు తట్టలేదు.

రెండు నెలలు మామ చర్చి గడప తొక్కలేదు. బల్ల తీసుకోకుండానే పోతానేమోనని ఇంట్లో అంటున్నాడని తెలిసింది. సర్కారు ఆసుపత్రి నర్సమ్మను అడిగాను. ఆ రోగం దగ్గుతో, గాలితో వచ్చేదే గాని గిన్నెతో కాదని, ఇన్ని నెలలు మందులు సరిగా వాడిన మనిషితో భయం లేదని చెప్పింది. ఆ మాట దేవదాసుకు చేరవేశాను.

"నర్సమ్మ వచ్చి తాగుద్దా అక్కా?" అన్నాడు.

అప్పుడు అయ్యగారి దగ్గరకు వెళ్ళి, రెండు పాత్రలు పెట్టాలంటే ఇంకో మనిషిని చూసుకోమన్నాను. ఆయన ఆ వారమంతా ఆలోచించారు. ఇకమీదట గిన్నెకు ఎవరి పెదవీ తగలదని, రొట్టెను రసంలో తానే ముంచి ఇస్తానని ఆదివారం ప్రకటించారు. దేవదాసు సణిగాడు.

నేను మామ ఇంటికి వెళ్ళి చెప్పాను.

"అందరికీనా, నా ఒక్కడికేనా?"

"అందరికీ. దేవదాసుక్కూడా."

అట్టయితే వస్తాలే అన్నాడు. వచ్చాడు. తీసుకున్నాడు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. జాగ్రత్త అవసరమైతే అందరికీ పెట్టాలి. ఒక్కడికే పెడితే, పెట్టినవాళ్ళకు అది జాగ్రత్త, వాడికి వెలి. చేతిలో గ్లాసు పట్టుకున్నప్పుడు ఆ తేడా నాకు కనపడలేదు.