పెద్దమ్మ తిప్పిపెట్టిన కుందేలు

మొన్న కోయంబత్తూరు గాంధీపురంలో మనవరాలితో ఒక బేకరీ ముందు ఆగాను. అద్దం వెనక బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ కుందేళ్ళు వరుసగా కూర్చుని ఉన్నాయి. అవి ఈస్టరు పండగకు వచ్చాయనీ, ఆ కుందేలే పిల్లలకు రంగు గుడ్లు తెచ్చి దాస్తుందనీ మనవరాలు నాకు పాఠం చెప్పింది. ఒకటి కొనిచ్చాను. పిల్ల కాగితం విప్పీ విప్పకముందే దాని చెవి కొరికింది. అరవై ఏళ్ళ నాటి కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది నాకు. నా ఈడువాళ్ళు నన్ను తప్పుపట్టరన్న ధైర్యంతో ఈ సంగతి చెబుతున్నాను, పట్టినా నాకేమీ బాధ లేదు.

మాది మదురై పక్కన తిరుమంగళం దగ్గర తెలుగువాళ్ళ వీధి. ఎన్నో తరాల కిందట మా పెద్దలు వేటకుక్కలను వెంటబెట్టుకుని ఉత్తరాది నుంచి నడిచి వచ్చారట. దారిలో కుక్కలు తరిమిన కుందేలు ఒకటి, కొంతదూరం పరుగెత్తి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి కుక్కలనే తరిమిందట. కుందేలుకే ఇంత పౌరుషమిచ్చిన మన్ను మనల్ని మాత్రం నిలబెట్టదా అని అక్కడే గుడిసెలు వేసుకున్నారట. ఇలాంటి కథ దక్షిణాన చాలా ఊళ్ళకు ఉందని తర్వాత విన్నాను గాని, చిన్నప్పుడు ఆ కుందేలు మా ఒక్క ఇంటిదే అనుకునేదాన్ని. అందుకే మా ఇంట కుందేలు మాంసం వండరు, ఉగాదికి చలిమిడితో కుందేలును చేసి సామి ముందు పెడతారు. తడిబియ్యం దంచిన పిండి, బెల్లప్పాకం, ఏలకులు, నెయ్యి, కళ్ళకు రెండు మిరియాలు, చెవులకు కొబ్బరి పలుకులు. వేపపువ్వు చేదు ఇంకా నాలుక మీద ఉండగానే ఆ చలిమిడి నోట్లో పడితే ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పి ఒప్పించలేను. కుందేలును చేసేది ఇంట పుట్టిన ఆడపిల్ల, ఏడాదికొకతె. దాన్ని సామి ముందు పెట్టేది ఇంటికి పెద్దావిడ, అప్పట్లో మా నాన్నను కన్న అవ్వ.

నాకు పదో ఏట వంతు వచ్చింది. ముందటేడు మా పెద్దమ్మ కూతురు, అంటే మా నాన్నకు అన్నగారి అమ్మాయి, చేసిన కుందేలు పందిపిల్లలా ఉందని ఇంట్లో అందరూ నవ్వారు. నాది మాత్రం ఇదిగో లేచి గెంతుతుందన్నట్టు కుదిరింది. అవ్వ నా తల నిమిరి వెళ్ళి కొత్త పావడా కట్టుకు రమ్మంది. కట్టుకుని వచ్చేసరికి కుందేలుకు ఒక చెవి లేదు, అక్క దవడ ఆడుతోంది. పెద్దమ్మ కూడా చూసింది. చూసి, నేను నోరు తెరిచేలోపే నా చెయ్యి పట్టుకుని బెల్లం జిగట అందరికీ చూపించింది. పొద్దుటి నుంచీ పిండి పిసికిన చేతికి బెల్లం కాక ఏముంటుంది?

"సామికి పెట్టకముందే యెంగిలి చేసింది. ఇంక ఈ బిడ్డ చెయ్యి పిండిలో పడగూడదు" అంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి మా పెద్దమ్మ, ఆనాటి కుందేలుకు ఒకే చెవి కూడాను. మా అమ్మ చిన్నకోడలు, తల వంచుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అవ్వ మాత్రం ఎలా పడుతుంది? ఆ తర్వాత ఏ ఉగాదికీ నన్ను పిండి ముట్టనివ్వలేదు, సామి గది గడప బయట కూర్చోబెట్టేవారు.

అలా కూర్చున్నందుకే నాకొక సంగతి తెలిసింది. అందరూ వంటింట్లో ఉంటే, అవ్వ ఒక్కతే వచ్చి, కుందేలును సామి వైపు కాకుండా పక్కకు తిప్పి, ముఖం ఉత్తరానికి పెట్టేది. ఒకసారి నేను అడక్కుండానే చెప్పింది: "కుక్కలు ఆ పక్కనించి గదా వొచ్చె. దీని మొగం ఆ పక్కే ఉండాల. ఈపు జూపిస్తే ఇల్లు నిలవదు."

అవ్వ పోయాక పెట్టే వంతు పెద్దమ్మకు వచ్చింది. ఉత్తరానికి తల పెట్టి మనిషే పడుకోకూడదే, సామికిచ్చే కుందేలును పెడతామా అని, పెద్ద తెలిసినదానిలా దాన్ని దక్షిణానికి తిప్పింది. కుందేలు కుక్కలకు వీపు చూపించి పారిపోతోంది. గడప దగ్గర నా నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. ఆ మింగిన మాటంత తీపి నేను మళ్ళీ తినలేదు.

పెళ్ళై కోయంబత్తూరు వచ్చాక కూడా ప్రతి ఉగాదికీ వెళ్ళేదాన్ని. పుట్టింటి మీద ఎంత ప్రేమో అనుకునేవారు. ఆ పారిపోయే కుందేలును కళ్ళారా చూడటానికే వెళ్ళేదాన్ని. పెద్దనాన్న పత్తి వ్యాపారం మూతపడి, వాళ్ళు ఇల్లమ్ముకుని మదురై మాట్టుతావణి దగ్గర అద్దె ఇంటికి చేరినప్పుడు, పైకి అయ్యో అన్నాను, లోపల కలిగినంత సంతోషం నాకు నా పెళ్ళినాడు కూడా లేదు. పెద్దమ్మ ఏమీ తెలియకుండానే పోయింది. మిగిలింది అక్క. ఏనాటికైనా దానికి అన్నీ విప్పి చెప్పి, ఆ ముఖం మాడిపోవడం చూడాలని దాచుకున్నాను.

బేకరీ దగ్గర చెవి విరిగిన మర్నాడే మదురై వెళ్ళాను. అక్క చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. కాఫీ అయినా తాగకుండా ఆ చెవి సంగతి ఎత్తాను.

"ఏ చెవి? నాకు గ్యాపకమే లేదు చెల్లీ" అంది, నిజంగానే ఆలోచిస్తూ. "కుందేలని ఒకటి చేస్తా ఉంటిమి, ఆమా, నిజమే. అది యెందుకు చేస్తా ఉంటిమి? అమ్మ ఉన్నప్పుడు అడగనే లేదు. నీకు తెలిస్తే చెప్పు, పిల్లలకి చెప్తా."

అరవై ఏళ్ళు నూరిన కత్తి గాలిలో ఊగింది. వీపు చూపించడమంటే ఏమిటో తెలియని మనిషికి, నీ కుందేలు వీపు చూపించిందని చెప్పి ఏం లాభం? పగ తీరాలంటే అవతలివాళ్ళకు కూడా జ్ఞాపకం ఉండాలి.

"నాకూ గ్యాపకం లేదక్కా" అన్నాను. అది నమ్మింది. కాఫీ తాగి వచ్చేశాను.

ఇదంతా తెలుగు అక్షరాల్లో రాశాను. పెళ్ళయ్యాక మా మామగారు పట్టుబట్టి నేర్పించిన అక్షరాలివి. అక్క ఇంట్లో మాట్లాడేది తెలుగైనా చదివేది అరవమే, కాబట్టి ఇది వాళ్ళ చేతికి చిక్కినా కథ మాత్రం చిక్కదని, రాయడం మొదలుపెట్టినప్పుడు లోలోపల నవ్వుకున్నాను. ఇక్కడిదాకా వచ్చాక తట్టింది, మా ఇంట్లోనూ నేను తప్ప దీన్ని చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు.