సగానికి మందు, సగానికి నీళ్లు

నతానియేలు డాక్టరు గారికి ఏ పనీ పూర్తిగా చేయడం రాదు. ఏది చేసినా సగానికి చేసి, మిగతా సగం వదిలేస్తాడు. తలకు ఒక పక్కే కొబ్బరినూనె. బీరపాదుల్లో సగానికే ఎరువు. చివరికి ఆయన సొంత గొర్రెలకు కూడా ఒక పక్కే బొచ్చు కత్తిరించి ఉంటుంది, ఎండకు ఏ పక్క చల్లగా ఉంటుందో చూడాలట. ఆ గొర్రెలు ఎదురైతే రాచర్లలో పిల్లలు బడి మానేసి చూసేవాళ్లు.

"దేంతో పోల్చి చూసినావ్?" అన్నది ఆయన ఊతపదం. ప్రార్థన వల్లనే వాన పడిందని పాస్టరు గారు చెప్తే, "మరి తర్లుపాడులో ప్రార్థన పెట్టలేదే, అక్కడా పడిందే" అన్నాడు. ఆ వారమంతా ఆయన భార్య అన్నమ్మ గారు ఆయనకు సగం కంచమే వడ్డించింది. ఆయన సంతోషంగా బరువు చూసుకున్నాడు.

పశువుల డాక్టర్లను పరిశోధకులుగా తయారుచేయడం ఆయన పని. పెద్ద ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసి, ఊరికొచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో శిక్షణ పెట్టినాడు. గొర్రెలో పనిచేసిన మందు రేపు మనిషిదాకా పోవచ్చు, అందుకే పరీక్షలో దొంగాట కూడదంటాడు. కూర్చుని చెప్పడు, నడుస్తూ చెప్తాడు. ఈ ఏటి శిష్యురాలు రూబీ ఆయన వెంట పరిగెత్తి పరిగెత్తి రెండు జతల చెప్పులు అరగదీసింది. కడుపు పురుగుల కొత్త మందు పరీక్ష ఆమె చక్కగా నడిపితే, ఆయన సిఫారసుతో హైదరాబాదులో పరిశోధన సీటు. చెడగొడితే సీటూ లేదు, సిఫారసూ లేదు.

ఊళ్లోవాళ్ల గొర్రెలన్నిటినీ పరీక్ష అయ్యేదాకా ఉంచుకోవడానికి షెడ్డుకు తోలించి చీటీలు తీసినారు. ఎర్ర చీటీకి మందు, నీలం చీటీకి ఉత్త నీళ్లు. ముసలి మస్తానమ్మకు ఉన్నది ఒకటే గొర్రె. దానికి నీలం పడింది.

"సార్, అవ్వ గొర్రెకు కూడా తాపుదాం. ఒక్కటే కదా."

"నువ్వు జాలిపడిన వాటికల్లా తాపితే, రేపు దేంతో పోల్చి చూస్తావ్?" అని ఆయన వెళ్లిపోయినాడు.

వానలు పట్టినాయి. కడుపులో పురుగులు ముదిరి మస్తానమ్మ గొర్రె చిక్కిపోయింది, దవడ కింద నీరు దిగింది. రూబీకి నిద్ర లేదు, తిండి లేదు, ఒక చోట నిలకడ లేదు. పొద్దున మందు సీసా తీసి దాని దగ్గరికి పోవడం, మళ్లీ జేబులో పెట్టుకోవడం. తాపితే పరీక్ష పాడు. తాపకపోతే ఆ ముసలామె గతేంది? సార్ మీద మనసులో మండిపడింది. ఈయనకు మనసు కూడా సగమే ఇచ్చినాడు దేవుడు అనుకుంది.

ఉండబట్టలేక మస్తానమ్మ ఇంటికి పోయింది.

"అవ్వా, నీ గొర్రె బతుకుతుందో లేదో చెప్పలేను. నన్ను తిట్టు."

"ఎందుకు తల్లీ తిట్టేది. అదిగో చూడు."

వాకిట్లో గుంజకు ఒక గొర్రె కట్టేసి ఉంది. దానికి ఒక పక్కే బొచ్చు కత్తిరించి ఉంది.

"నీలం పడిన రోజే డాక్టరయ్య తోలుకొచ్చి కట్టేసిపోయినాడు. నాది పోతే ఇది నాదేనంట. బతికితే రెండూ నావేనంట. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

తిరిగొస్తూ రూబీ వీధులన్నీ తిరిగింది. నీలం చీటీ పడిన ప్రతి ఇంటి ముందరా సగం బొచ్చు గొర్రె నెమరేస్తూ కనిపించింది. ఆయన దొడ్డి ఖాళీ. ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

షెడ్డులో ఆయన అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"సార్, అవ్వ గొర్రె ఇంక తట్టుకోలేదు. పరీక్షలోంచి తీసేద్దాం. ఎప్పుడూ వాడే పాత మందు తాపి, ఎందుకు తీసినామో దాచకుండా రాద్దాం."

"తీయొచ్చు. దొంగగా తాపడమే తప్పు. అడగడానికి ఇన్నాళ్లా అమ్మాయ్? ఇంతకీ అడగడమే మంచిదని ఎట్ల తేల్చుకున్నావ్? దేంతో పోల్చి చూసినావ్?"

"మీతో సార్. మీరు చీటీ మార్చలేదు, అవ్వనూ వదిలేయలేదు."

ఆయన మొదటిసారి కదలకుండా నిలబడినాడు. తల గోక్కున్నాడు, నూనె రాసిన పక్క. ఆ చేతిని చొక్కాకు తుడుచుకుని, సిఫారసు రాయడానికి కూర్చున్నాడు.

గొర్రె కోలుకుంది. రూబీ హైదరాబాదు పోయేముందు ఇంకో పరీక్షకు చీటీలు తీస్తుంటే, మస్తానమ్మ తన రెండు గొర్రెలనూ తోలుకొచ్చి చెవిలో చెప్పింది.

"రెండిటికీ నీలమే పడేట్టు చూడు తల్లీ."

"కుదరదు అవ్వా" అంది రూబీ, చీటీల డబ్బా గట్టిగా కుదుపుతూ. "మా దగ్గర ఏదైనా సగానికే."