నూకరత్నం వేరు కాపురం

తుఫాను రోజున సముద్రం నూకరత్నం ఇంటి వెనకగోడ పట్టుకుపోయింది. మర్నాటికి వంటగది కూడా మిగల్లేదు. ఉప్పాడ పక్కనున్న ఆ పల్లెపాలెంలో అలా ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. భర్త అంతకుముందే జబ్బుచేసి పోయాడు. ఉన్నది ఒక్క కూతురు రాణి, అప్పుడు డిగ్రీ చదువుతోంది. అన్న భీమరాజు వచ్చి చెల్లెలి బిందెలు భుజానికెత్తుకుని, “నా ఇల్లు లేదేంటే? పద” అన్నాడు.

తర్వాత సర్వేకి వచ్చినవాళ్లు ఆ ఇంట్లో ఉన్నవాళ్లందర్నీ ఒకే కుటుంబంగా రాసుకున్నారు. నూకరత్నానికి అది సంతోషంగానే అనిపించింది.

రాణికి ప్రభుత్వ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ధైర్యంతో చేరింది. మొదటి సెమిస్టరు పరీక్షల ముందు ఫోన్ చేసింది.

“అమ్మా, నాకు రీయింబర్స్‌మెంట్ రాదంట. ఫీజు కడితేనే హాల్‌టికెట్ అంటున్నారు.”

నూకరత్నం సంతలో చేపల తట్టను పక్కావిడకి అప్పజెప్పి గ్రామ సచివాలయానికి పరుగెత్తింది. అక్కడ పథకాలు చూసే ఉమాశ్రీ కంప్యూటర్లో వెతికి చెప్పింది.

“మీ కుటుంబం కరెంటు పరిమితికి మించి వాడుతోందండి. అందుకే అర్హత పోయింది.”

“మేముండే గదిలో ఒక ఫ్యాను, ఒక బల్బేనమ్మా!”

“మీ అన్నయ్యగారికి చేపల ఫ్రీజర్లున్నాయి కదండీ. ఆ మీటరు మీక్కూడా లెక్కే.”

“మరిప్పుడెలాగమ్మా?”

“మీరు నిజంగా వేరే ఉండాలండి. మేమొచ్చి చూస్తాం. వేరు కాపురమని మీ అన్నయ్యగారు కూడా సంతకం పెట్టాలి.”

నూకరత్నం ఎండలోనే రేవుకి నడిచింది. భీమరాజు వల బాగుచేసుకుంటున్నాడు. విషయం చెబుతుంటే తలెత్తలేదు. చివరికి మాత్రం వల పక్కకి నెట్టాడు.

“నువ్వు నా ఇంటి మనిషివి కాదని నాచేతే సంతకం పెట్టిస్తావా? చెల్లెల్ని గెంటేశాడంటారు ఊళ్లో.”

“కాయితం కోసమే కదన్నయ్యా.”

“ఫీజు నేను కడతాను. పిల్లని పరీక్ష రాయమను.”

“ఈసారి కడతావు. మళ్లీ సెమిస్టరుకో? ఇంజను బాగుచేయించడానికే అప్పు తెచ్చావు.”

అతను లేచి పడవవైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమెకి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యిమీద అన్నం మాడింది. సంతలో ఒకరికివ్వాల్సిన చేపలు ఇంకొకరి సంచిలో వేసింది. రోజూ సచివాలయం గుమ్మం దాకా వెళ్లి, చెప్పడానికేమీ లేక తిరిగొచ్చేది. ఒకరోజు రాణి ఫోన్‌లో, “చదువు ఆపేస్తానమ్మా, రొయ్యల హేచరీలో పనిస్తారంట” అంది.

“ఆ మాట ఇంకోసారన్నావంటే ఊరుకోను!” అని అరిచి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు రోడ్డు పక్కన రేకుల గది ఒకటి అద్దెకి మాట్లాడింది. అన్న వేటలో ఉండగా సామాను ఆటోలో వేసింది. వదిన లోవలక్ష్మి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. “ఆయనొచ్చాక చెప్పి వెళ్లొచ్చు కదా” అంది. చెబితే వెళ్లలేనని నూకరత్నానికి తెలుసు.

రెండ్రోజులు భీమరాజు అటువైపు రాలేదు. మూడోరోజు సచివాలయానికి వెళితే ఉమాశ్రీయే ఎదురొచ్చింది.

“మీ అన్నయ్యగారు పొద్దున్నే వచ్చి సంతకం పెట్టారండి. కూర్చోమన్నా కూర్చోలేదు.”

నూకరత్నం తిన్నగా రేవుకి పోయింది. అతను ఎప్పటిలాగే ఆమె సంతలో అమ్మే చేపలు తట్టలో పోశాడు. “ఐసు ఎక్కువెయ్, ఎండగా ఉంది” అన్నాడు. అంతే.

విచారణ పూర్తి కావడానికి ఇంకా టైం పడుతుందన్నారు. సచివాలయంలో ఇచ్చిన అర్జీ నకలు పట్టుకుని నూకరత్నం యూనివర్సిటీకి బస్సెక్కింది. ఫీజు కౌంటర్లో కుదరదన్నారు. పైఆఫీసరు గది ముందు మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగింది. లోపలికి పిలిచాక, “మా పిల్లని పరీక్ష రాయనివ్వండి సార్. ఫీజు కట్టేదాకా మార్కులు మీ దగ్గరే ఉంచుకోండి” అంది. ఆయన హామీపత్రం రాయించుకుని సరేనన్నాడు.

రాణి పరీక్షలు రాసింది. రీయింబర్స్‌మెంట్ రెండో ఏడాది నుంచే వచ్చింది. మొదటి ఏడాది ఫీజు మాత్రం రాలేదు. నూకరత్నం దాన్ని చేపలమ్మి వాయిదాల్లో కట్టింది. కట్టాకే మార్కులిచ్చారు. రాణి మంచి మార్కులతోనే పాసైంది.

ఆ మార్కుల సంగతి తెలిసిన సాయంత్రం భీమరాజు మిఠాయి పొట్లంతో రేకుల గది ముందుకొచ్చాడు. గడప అవతలే ఆగిపోయాడు.

“లోపలికి రావచ్చా?” అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అన్న ఆమెని అలా అడగడం అదే మొదలు. “ఏంటన్నయ్యా ఆ మాట!” అంటూ నూకరత్నం ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది.