చెరువు కెమెరాలో వడియాలు

ఇంటర్నెట్టు పోయినా మాట్లాడుకోవాలన్న పట్టుదలతో, అమెచ్యూర్ రేడియో లైసెన్సున్న మేమిద్దరం ఒక కంప్యూటర్ నెట్‌వర్క్ వేసుకున్నాం. మార్కాపురంలో ఇనప సామాన్ల దుకాణం నడిపే నేను ఒకణ్ణి. కంభంలో రిటైరైన సైన్సు మాస్టారు రెండో ఆయన. మా మిద్దెల మీద రెండు రేడియో పెట్టెలు, మధ్యలో ఒక రైతు మిద్దె మీద ఇంకొకటి, అంతే సరంజామా. ఎవరి కంప్యూటర్‌లో ఏ సేవ ఉందో పేరు పెట్టి ప్రకటిస్తే నెట్‌వర్క్‌లో అందరి తెరల మీదా ఆ పేరు కనబడుతుంది. అందరూ అంటే మేమిద్దరమే. అయినా నేను ‘ఫోన్’ అనీ ‘గడియారం’ అనీ ఘనంగా ప్రకటించాను. ఆయన ‘చెరువు కెమెరా’ ప్రకటించారు.

వానలొచ్చినప్పుడు కంభం చెరువు నీటిమట్టం ఇంట్లో కూర్చుని చూడవచ్చన్నది ఆయన ఆశ. వానలకు ముందు గాలిదుమారం వచ్చింది. మర్నాడు తెర తెరిచి, మా నెట్‌వర్క్ ఫోన్‌లోనే ఆయన్ని పిలిచాను.

“సార్, చెరువులో వడియాలు కనపడతన్నాయి.”

“ఏంది నాయనా, ఎండ దెబ్బ తగిలిందా?”

మాస్టారి మిద్దె మీద స్తంభానికి కట్టిన కెమెరా గాలికి పక్కింటి మిద్దె వైపు తిరిగింది. అక్కడ ఒకావిడ పాతచీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. మాస్టారికి మోకాళ్ల నొప్పి, స్తంభం ఎక్కలేరు. ఎక్కాల్సిన కరెంటు మనిషి రేపు వస్తానంటూ రోజులు గడిపాడు.

ఈలోగా మా అమ్మ నా వెనక నిలబడి తెర చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“రేయ్, కోతి! కోతొచ్చింది! ఆ సారుకు చెప్పు!”

చెప్పాను. మాస్టారు కర్ర పట్టుకుని కుంటుకుంటూ మిద్దె ఎక్కి అదిలించారు. మధ్యాహ్నం కాకులు. మళ్లీ చెప్పాం, మళ్లీ ఎక్కారు. అమ్మ దుకాణంలో కుర్రాళ్లకు భోజనం పంపడం కూడా మానేసి కాపలా కాసింది.

పక్కింటావిడకు అనుమానం వచ్చింది. “ఏందన్నా, కోతి ఇట్ల రాగానే నువ్వట్ల ఎక్కుతావు. నా మిద్దె మీద నీ కన్నేంది?” అని నిలదీసింది.

“నాది కాదమ్మా. మార్కాపురంలో ఒకామె చూస్తా ఉంది.”

ఇంతకంటే నమ్మలేని మాట ఆవిడ విని ఉండదు. దాంతో ఆయన ఆవిడను లోపలికి పిలిచి ఫోన్ చేతికిచ్చారు. ఇవతల అమ్మ అందుకుంది.

“ఎడమ పక్క వడియాలు ఎండినాయి చెల్లే, తిరగెయ్!”

తర్వాత ఇద్దరూ ఉప్పు పాళ్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. లైసెన్సు లేనివాళ్లు మాట్లాడేటప్పుడు ఉన్నవాళ్లు దగ్గరుండాలన్న నియమం ప్రకారం నేను పక్కనే నిలబడి, చివర మా స్టేషన్ గుర్తు, అంటే కాల్‌సైన్, చెప్పాను.

వారం తిరక్కుండా కంభం బస్సులో వడియాల పొట్లం వచ్చింది. మాస్టారు కంగారుగా పిలిచారు. “నాయనా, మన రేడియో మీద వ్యాపారం కూడదు. ఇది వ్యాపారం కిందికి వస్తాదా?”

నేనూ ఆలోచనలో పడ్డాను. నియమాల పుస్తకంలో వడియాల ప్రస్తావన లేదు. అమ్మ అప్పటికే పొయ్యి మీద నూనె పెట్టింది. “లైసెన్సు మీది. నాకు లేదు గదా, నేను తింటా,” అంది.

చివరికి కరెంటు మనిషి వచ్చి కెమెరాను చెరువు వైపు తిప్పాడు. తెర మీద మాస్టారి మిద్దె పిట్టగోడ, దాని వెనక పల్చటి నీళ్లు. అమ్మ ముఖం ముడుచుకుంది. “నీళ్లనేం చూస్తాం!” అంది ఫోన్‌లో మాస్టారితో.

ఆ మాట పక్కింటావిడ చెవిన పడ్డట్టుంది. మర్నాడు ఆవిడ చీర, వడియాలు తెచ్చి, ఎవరినీ అడక్కుండా మాస్టారి మిద్దె మీదే, సరిగ్గా కెమెరా ముందు పరిచింది. ఇప్పుడు తెర మీద కింద వడియాలు, పైన చెరువు.

మాస్టారు తన మిద్దె మీద తను నడవడానికి చోటు లేక గోడ వారగా వెళ్లి యాంటెన్నా సరిచేసుకునేవారు. అప్పుడప్పుడూ ఫోన్ మోగేది.

“సార్, జరగండి, అడ్డం వస్తన్నారు,” అనేది అమ్మ.