ఆఖరి కమానుకు నీళ్ళు

సింగపూర్ హౌగాంగ్‌లో మా ఎదురు ఫ్లాట్ అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. "కాఫీ తాగి కూర్చున్నారమ్మా, అంతే," అన్నారు ఆంటీ ఫోన్లో.

ఆయన పాత కట్టడాలకు సున్నం పూసే మేస్త్రి. నేను ఇక్కడొక పాత చర్చి మరమ్మతులు చూసే ఇంజినీరును. మధ్యయుగాల యూరప్ చర్చిల పద్ధతిలో కట్టారు దాన్ని. పక్కనే చదరపు తోట, దాని చుట్టూ కమానుల వరండా. అలాంటి వరండాల్లోనే ఆ కాలపు సన్యాసులు వానలో తడవకుండా ప్రార్థన చేసుకుంటూ నడిచేవారు.

"వాళ్ళది రాయి. మనకి రాయెక్కడిది లా? ఇటుక మీద సున్నం పూసి రాయని నమ్మించారు మనోళ్ళు," అనేవారు అంకుల్, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి. ఆ మనోళ్ళంటే తెల్లదొరలు ఇండియా నుంచి తెచ్చి పని చేయించిన ఖైదీలు; సంకెళ్ళతో ఓడ దిగిన ఆయన ముత్తాత వాళ్ళలో ఒకరు. ఆ సంగతి దాచేవారు కాదు, ఛాతీ విరుచుకుని మరీ చెప్పేవారు.

మూడేళ్ళ క్రితం నేనొక ఘనకార్యం చేశాను. పండుగ దగ్గర పడుతోందని, చెమ్మ పట్టిన కమానులకు సిమెంటు పూయించేశాను. నెల తిరక్కుండా పెచ్చులూడాయి. నా ఉద్యోగం కూడా ఊడేలా ఉంది. ఏడుస్తూ ఆయన తలుపు కొట్టాను. వచ్చి, వేలి కణుపుతో గోడ తట్టి విన్నారు.

"అయ్యో, గోడ ముక్కు మూసేశావు కదమ్మా! ఎట్టా ఊపిరాడుద్ది?"

అంతే, తిట్టలేదు. "ముందు మకాన్, కడుపుకి తిండి, తర్వాత పని," అని అన్నం తినిపించారు. మా పై అధికారులతో మాత్రం, "తప్పు తనే పట్టుకుంది, నన్ను తనే పిలిచింది," అన్నారు. ఆ మాటే నన్ను నిలబెట్టింది.

అప్పటినుంచి ఒక్కో కమానుకూ సిమెంటు గీకి, సున్నంలో తెల్లసొన, బెల్లం నీళ్ళు కలిపి పూశారు. పూశాక వారం రోజులు తడి గోనెపట్టా కప్పి, పొద్దునే వచ్చి నీళ్ళు చల్లేవారు, ఆదివారాలు కూడా. "పచ్చి బాలింతమ్మా ఇది. వదిలేసి పోకూడదు," అనేవారు. నేను థాంక్స్ చెప్పబోతే, "అదుండనీ, తడిపావా?" అని మాట మార్చేసేవారు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా పూర్తిగా చెప్పనివ్వలేదు.

ఆఖరి కమాను మొన్న శనివారం పూశారు.

మంగళవారం సాయంత్రం, దహనం అయ్యాక, ఆంటీ నీళ్ళు చల్లే సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇవాళ ఎవరూ తడపలేదుగా," అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. రైలెక్కి చర్చికి పరుగెత్తాను.

గోనెపట్టా ఎత్తితే అంచులు తెల్లబడుతున్నాయి. మధ్యలో చెయ్యి ఆనించాను. ఇంకా చల్లగా ఉంది. ఆయన తాపీ తిప్పిన గీతలు అలాగే ఉన్నాయి. నీళ్ళు చల్లాను. గోడ గబగబా పీల్చేసుకుంది. మళ్ళీ చల్లాను. ఇంకా నాలుగు రోజులు రావాలి.

"తడిపాను అంకుల్," అన్నాను.